విండోస్ 10 పోయింది సరే, బాపు టైపు చేసిన పెండ్లి పత్రికల సంగతేంది?

దసరా పోయి పన్నెండు రోజులైంది, 2025 అక్టోబర్ 14. ఆ తారీఖుతోని మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు అప్‌డేట్లు బంద్ పెడ్తది, మా ఇంట్ల కంప్యూటర్‌కు నూకలు చెల్లినయ్ అని నెలల సంది స్క్రీన్ మీద నోటీసు వస్తనే ఉండె. తీరా ఆ రోజు పొద్దున ఏమైంది అంటే ఏం కాలె. బాపు చాయ్ తాగుకుంట స్విచ్ వేసిండు, ఎప్పటిలెక్కనే రెండు నిమిషాలు గురగుర అని ఆన్ అయింది, కాలనీ గుడి కమిటీ కరపత్రం ఒకటి పేజ్‌మేకర్‌ల (అచ్చు పేజీలు పెట్టే పాత సాఫ్ట్‌వేర్) సగం కొట్టి ఉండె, అది పూర్తి చేసి ప్రింట్ తీసి పక్కకు పెట్టిండు. నాకు ఫోన్ చేసి "ఏదో ఆఖరు రోజు అంటివి గదా బిడ్డా, ఇదైతే మంచిగనే నడుస్తాంది" అన్నడు.

మంచిగనే నడుస్తాంది అన్న ఆ ఒక్క మాటకాడ మా ఇంట్ల నెలరోజులు లొల్లి నడిచింది.

ముందుగాల ఆ కంప్యూటర్ గురించి చెప్పాలె. 2017ల హన్మకొండ చౌరస్త దగ్గర అసెంబుల్ చేయించిన డబ్బా, ఐ5 ఆరో జనరేషన్ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. ఇప్పటికి కూడా దానికి ఏ రోగం లేదు. విండోస్ 11 అడిగేది ఏందంటే ఇంటెల్‌ల అయితే ఎనిమిదో జనరేషన్ నుంచి ఉండాలె (ఏడో దాంట్ల ఒకటో రెండో మినహాయింపులు), టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలె, ఆన్ అయ్యేటప్పుడే దొంగ ప్రోగ్రాములను ఆపే సెక్యూర్ బూట్ ఉండాలె. నేను బయాస్‌లకు పోయి ఆ టీపీఎం పని చేసే పీటీటీ అని ఒకటుంటే ఆన్ చేసిన, టీపీఎం పాస్ అన్నది, సెక్యూర్ బూట్ పాస్ అన్నది, ప్రాసెసర్ దగ్గరికి వచ్చేసరికి ఎర్ర ఇంటూ మార్కు. పిల్లగాడు అన్ని సబ్జెక్టులు పాసై పుట్టిన తేదీల ఫెయిలైనట్టు.

ఇగ సలహాలు. మా మరిది హైదరాబాద్‌ల సాఫ్ట్‌వేర్, "వదినా, రూఫస్ అనే టూల్‌తోని విండోస్ 11 పెన్‌డ్రైవ్ చేసి కొట్టేస్తే ఆ చెకింగులన్ని దాటిపోతయ్, అరగంట పని" అన్నడు. కంప్యూటర్ షాపాయన ఇంక సులువుగ తేల్చేసిండు, "దీనికి పెట్టుడెందుకమ్మా, నలభై అయిదు వేలల్ల కొత్తది వస్తది, ఇది ఎక్స్చేంజ్‌ల రెండు వేలకు తీసుకుంట" అని. బాపుది ముందే చెప్పిన గదా, నడిచే బండిని ఎందుకు కదిలిస్తవ్.

ముగ్గురిల బాపు మాటకే నాకు ఎక్కువ గౌరవం ఉండె, కానీ ముందు దాన్నే కొట్టేసిన. నడుసుడు వేరు, కాపలా ఉండుడు వేరు. తాళం పనిచేస్తనే ఉంటది, కాని ఆ తాళానికి దొంగ చెవి ఎక్కడ తయారైందో చూసి మార్చి ఇచ్చేటోడు ఇప్పుడు లేడు. 2017 మేల వన్నాక్రై అని ఒక వైరస్ దునియా మొత్తం తిరిగింది గదా, ఫైళ్ళన్నిటికి తాళం వేసి పైసలు అడిగింది, అది దూరిన బొక్కకు అతుకు (ప్యాచ్) రెండు నెలల ముందే, మార్చిల్నే వచ్చి ఉన్నది, వేసుకోనోళ్ళ మీద పడ్డది. అతుకు వచ్చినా వేసుకోకపోతేనే అట్లైతే, అతుకే రాని సిస్టమ్‌ను నెట్‌కు తగిలిచ్చి పెట్టుకుంటే ఏమైతదో నేను బాపుకు వేరే చెప్పాల్సిన పని లేదు. అవును, ఇంకో ఏడాది గడువు దొరుకుతది, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తోని సైన్ ఇన్ అయి సెట్టింగులు బ్యాకప్ పెట్టుకుంటే పైసలు లేకుండనే, లేకపోతే 30 డాలర్లు కట్టి, 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తయ్. మేం తీసుకున్నం కూడా. కానీ అది వాయిదా, అంతే.

మరిది చెప్పింది నా సొంత లాప్‌టాప్ అయితే చేసేదాన్నే, చేసి చూసేదాన్ని. కానీ అరవై ఎనిమిదేండ్ల మనిషి వాడే కంప్యూటర్ ఒక ట్రిక్కు మీద నిలబడొద్దు. అట్ల ఎక్కిచ్చిన దానికి అప్‌డేట్లు వస్తయని గ్యారంటీ లేదని మైక్రోసాఫ్ట్ వాళ్ళే రాసి పెట్టిండ్రు, రేపు పెద్ద అప్‌డేట్ ఆగిపోయి నీలం స్క్రీన్ పడితే నేను హైదరాబాద్ నుంచి కాజీపేటల రైలు దిగి ఇంటికి వచ్చేసరికి బాపు బీపీ ఎంతుంటదో నాకు తెలుసు. షాపాయన మాట గురించైతే ఏం చెప్పుడు, రెండు వేలు అన్నప్పుడు బాపు మొఖం చూస్తే సరిపోయేది.

నిజం చెప్పాలంటే అక్టోబర్ నెలాఖరు దాకా నేను కూడా ఏ సిస్టమ్ ఎక్కియ్యాలె అన్న ప్రశ్న చుట్టూనే తిరిగిన. మొంథా తుఫాను వచ్చింది గదా, 29 నాడు హన్మకొండల వరంగల్ల కాలనీలకు కాలనీలు నీళ్ళల్ల ఉన్నయ్. మా వాకిట్ల నీళ్ళు మూడో మెట్టు దాకా వచ్చినయ్. కరెంటు లేదు. అమ్మ బియ్యం డబ్బాలు ఎత్తి దివాన్ మీద పెడుతాంది, బాపు మాత్రం వైర్లు గుంజేసి కేబినెట్‌ను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతోని ఎత్తి బీరువా మీద పెట్టిండట. మానిటర్ కిందనే ఉన్నది, ప్రింటర్ కిందనే ఉన్నది. ఫోన్ల అమ్మ చెప్పుతాంటె నాకు నవ్వొచ్చింది, ఫోన్ పెట్టినంక నవ్వు పోయింది. ఆయన ఎత్తుకపోయి దాచింది విండోస్ 10ను కాదు గదా.

బాపు 1999 నుంచి 2018 దాకా హన్మకొండల డీటీపీ సెంటర్ (కంప్యూటర్ల టైపు చేసి అచ్చుకు పేజీలు తయారు చేసే దుకాణం) నడిపిండు. పెండ్లి పత్రికలు, ఓణీల ఫంక్షన్ కార్డులు, ఎలక్షన్ల కరపత్రాలు, కవుల పుస్తకాలు, దశదిన కర్మ పత్రికలు, సెప్టెంబర్ 9 వస్తే కాళోజీ జయంతి బ్యానర్లు. నేను ఇంటర్ చదివేటప్పుడు సాయంత్రం పోయి ప్రూఫులు చూసేదాన్ని. పంతొమ్మిదేండ్ల పని మొత్తం ఆ హార్డ్ డిస్క్‌ల "పాతవి" అని ఒక ఫోల్డర్‌ల ఉన్నది, దాంట్ల ఏడాదికొక ఫోల్డర్, దాంట్ల ఇంటిపేరుతోని ఫైళ్ళు. ఇప్పటికి కూడా చుట్టాలు ఫోన్ చేస్తరు, మా అన్న పెండ్లి పత్రికల గోత్రం ఏమని రాసినం మామా జర చూడరాదే అని.

ఆ ఫైళ్ళన్ని పేజ్‌మేకర్, అక్షరాలన్ని 'అను' అనే పేరున్న తెలుగు ఫాంట్లు. డీటీపీ చేసినోళ్ళకు ఇది చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెప్తున్న. ఆ కాలపు ఫాంట్ల లెక్క ఏందంటే, ఒక ఫాంట్‌ల ఉండేటివి 256 గళ్ళు. ఇంగ్లిష్ అక్షరాలు, ఫ్రెంచోళ్ళవి నెత్తి మీద గీతలు చుక్కలు ఉండే అక్షరాలు కూర్చోవాల్సిన గళ్ళల్ల మన క, గ, తలకట్టు, గుడి, ఒత్తులు ముక్కలు ముక్కలుగ తెచ్చి కూర్చోబెట్టిండ్రు. ఫైల్‌ల ఉన్నది ఆ గడి నంబరు మాత్రమే. ఫాంట్ ఉంటే అది తెలుగు. ఫాంట్ లేకపోతే అది పిచ్చిగీతలు. నేను దీన్ని తప్పు పట్టుత లేను, ఆ ఫాంట్లే లేకపోతే మన దగ్గర రెండు దశాబ్దాలు ప్రెస్సులు నడిచేటివి కావు, మా ఇంట్ల పొయ్యి వెలిగేది కాదు. ప్రతి అక్షరానికి దాని సొంత నంబరు ఇచ్చే యూనికోడ్‌ల తెలుగు 1991ల మొదటి వెర్షన్ నుంచే ఉన్నది, 2001ల ఎక్స్‌పీతోని గౌతమి ఫాంట్ కూడా వచ్చింది, కానీ గౌతమితోని పెండ్లి పత్రిక కొట్టిస్తే పెండ్లికొడుకు తండ్రి పైసలియ్యడు. పైగ పేజ్‌మేకర్‌కు యూనికోడే తెల్వది. కాబట్టి ఎవ్వరూ మారలె, మేం కూడా మారలె. విండోస్ 98 పోయి ఎక్స్‌పీ వచ్చినా, ఎక్స్‌పీ పోయి 7 వచ్చినా, 7 పోయి 10 వచ్చినా, ప్రతిసారి బాపు చేసిన పని ఒకటే, మొదలు పేజ్‌మేకర్ ఎక్కిచ్చుడు, తర్వాత ఫాంట్లు ఎక్కిచ్చుడు, ఒక పాత పత్రిక తెరిచి "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" సక్కగ కనవడ్తే హమ్మయ్య అనుకునుడు.

అందుకే నేను ఇప్పుడు గట్టిగ అనేది ఇది: మన తెలుగు ఇండ్లల్ల, ముఖ్యంగ తెలుగుల ఏదన్న టైపు చేసి పెట్టుకున్న ఇండ్లల్ల, కొత్త సిస్టమ్‌కు పోవుడంటే వచ్చే బుగులు ఆ సిస్టమ్‌ది కాదు. మన రాత ఒక సాఫ్ట్‌వేర్ కడుపుల, ఒక ఫాంట్ కడుపుల ఇరుక్కొని ఉన్నది, దాన్ని బయటికి తియ్యకుండ ఎన్నిసార్లు ఇల్లు మారినా అదే మూట మోసుడు. నలభై అయిదు వేలు పెట్టి కొత్తది కొన్నా మోసుడే. ఇంకా ఘోరం ఏందంటే ఆ ఫైళ్ళల్ల వెతకరాదు. "పాతవి" ఫోల్డర్‌ల కాశ్యప అని వెతికితే ఒక్కటి దొరకదు, ఎందుకంటే కంప్యూటర్ లెక్కల అక్కడ కాశ్యప అన్న మాటే లేదు. గోత్రం కావాలంటే బాపు ఇంటిపేరు గుర్తు చేసుకొని ఫైల్ తెరిచి కండ్లతోని చూసి చెప్పాలె. అంటే మా ఇంటి సెర్చ్ ఇంజన్ బాపు.

ఇగ చేసింది చెప్త. 256 జీబీ ఎస్ఎస్‌డీ ఒకటి కొన్నం. పాత హార్డ్ డిస్క్‌ను ఏం ముట్టుకోలె, అంతకుముందు దాన్ని మొత్తం ఒక బయటి డిస్క్‌లకు కాపీ తీసి అది నా దగ్గర పెట్టుకున్న, ఇంకో కాపీ చెల్లె ఇంట్ల పెట్టినం, మల్ల నీళ్ళొస్తే బీరువా ఎక్కే పని లేకుండ. ఎస్ఎస్‌డీ మీద విండోస్ బదులు వాడే ఉచిత సిస్టమ్ లైనక్స్ మింట్ 22.2 ఎక్కిచ్చిన. దీనికి 2029 దాకా అప్‌డేట్లు వస్తయ్, ఆరో జనరేషనా ఎనిమిదో జనరేషనా అని అడగదు. ఎక్కిచ్చే ముందు పెన్‌డ్రైవ్ మీదనే నడిపి రెండు రోజులు బాపును కూర్చోబెట్టిన, డిస్క్ మీద ఏం రాయదు, నచ్చకపోతే పెన్‌డ్రైవ్ గుంజేస్తే పాత విండోస్ ఎప్పటిలెక్కనే వస్తది. ఎవరి ఇంట్లనైనా ఇది మాత్రం చెయ్యాలె, పెద్దోళ్ళకు చెప్పకుండ ఒక పొద్దున లేచేసరికి డెస్క్‌టాప్ మార్చేసుడు అంత పాపం ఇంకోటి లేదు. పాత డిస్క్ మీద విండోస్ 10 అట్లనే ఉన్నది, దాంట్ల వైఫై, ల్యాన్ రెండు డిసేబుల్ చేసిన, పేజ్‌మేకర్ అవసరం పడ్డప్పుడు ఆన్ చేసేటప్పుడు అది ఎంచుకుంటే చాలు. అంటే అది ఇప్పుడు పాత సందుక లెక్క, తెరుస్తం, తీస్తం, మూస్తం.

ప్రింటర్ సతాయించింది. పాత లేజర్ ప్రింటర్, ఆన్ చేసిన ప్రతిసారి దాని లోపలికి ప్రోగ్రామ్ కంప్యూటరే పంపాలె, దానికి వేరే ప్లగిన్ ఒకటి దించుకోవాలె, అది తెలుసుకునేసరికి ఒక ఆదివారం పోయింది. అంతకంటే దాని గురించి చెప్పేదేం లేదు.

నేను అసలు భయపడ్డది కీబోర్డుకు. డీటీపీ వాళ్ళ వేళ్ళకు యాపిల్ కీబోర్డో మాడ్యులరో (ఏ మీట మీద ఏ తెలుగు అక్షరం అనే వరుసల పేర్లివి) అలవాటై ఉంటది, బాపుది యాపిల్. కీబోర్డు మీద ఇంగ్లిష్ అక్షరాలే ఉంటయ్, ఆయన చూడడు కూడా, వేళ్ళే చూస్తయ్. సర్కారు ప్రమాణం చేసిన ఇన్‌స్క్రిప్ట్ వరుస నేర్చుకో బాపూ అని అరవై ఎనిమిదేండ్ల టైపిస్టుకు చెప్పుడంటే ఎడమ చేత్తోని అన్నం తినుమన్నట్టే. ఫోన్ల మనం కొట్టినట్టు ఇంగ్లిష్ స్పెల్లింగుతోని తెలుగు అంటే ఆయనకు యాష్టకు వస్తది, "తెలుగు రాసేతందుకు నడుమ ఇంగ్లిష్ ఎందుకురా" అంటడు. లైనక్స్‌ల ఎం17ఎన్ అని ఒక కీబోర్డుల సంచి ఉన్నది, దాన్ని వేసుకొని భాష మార్చుకునే ఐబస్ సెట్టింగులల్ల తెలుగు నొక్కితే వరుసగ ఇన్‌స్క్రిప్ట్, పోతన, ఆర్‌టీఎస్ అని పేర్లు కనవడ్డయ్, వాటి నడుమ యాపిల్! ఎవరో మహానుభావులు ఎప్పుడో బాపుసొంటోళ్ళను యాదుంచుకొని రాసిపెట్టిండ్రు. అది పెట్టి బాపును కూర్చోబెట్టిన. మొదటి లైను కొట్టిండు, ఆగిండు, ఒత్తు ఒకటి ఎక్కడికో పోయింది, మల్ల కొట్టిండు. మొత్తం అచ్చం పాతదే కాదు, కొన్ని ఒత్తుల కాడ వరుస తేడా ఉన్నది. అరగంట తర్వాత నా దిక్కు తిరగకుండనే "ఇగ నువ్వు పోయి తినుపో" అన్నడు. అంటే పని అయినట్టే.

పేజీ పెట్టుడుకు పేజ్‌మేకర్ బదులు స్క్రైబస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టిన. 1.6 వెర్షన్ నుంచి మన లిపులు ఒత్తులతోని సహా సక్కగ వస్తున్నయ్, అంతకుముందు పాత స్టేబుల్ వెర్షన్లల్ల ఒత్తులన్ని ఊడి పక్కకు పడేటివి. ఫాంట్లకు కూడా ఇప్పుడు 2001 నాటి కరువు లేదు, రామభద్ర, ధూర్జటి, సూరన్న, మల్లన్న, గురజాడ, తెనాలి రామకృష్ణ అని ఉచితంగనే దొరుకుతున్నయ్. రామభద్ర బొద్దుగ ఉంటది, పెండ్లి పత్రికల పేర్లకు సరిపోతది అని బాపు తీర్పు. ధూర్జటి మాత్రం సంతకం లెక్క ఉన్నదన్నడు. పాత ఫాంట్ల అందం వీటికి లేదని ఇప్పటికి కూడా అంటడు, అది నిజమే, నేను వాదించ.

పాత ఫైళ్ళ మార్పిడి ముచ్చటే పెద్దది. లిబ్రెఆఫీస్ డ్రా పేజ్‌మేకర్ ఫైళ్ళను తెరుస్తది, నాకే నమ్మబుద్ధి కాలె. తెరిచినం, పేజీ వచ్చింది, అంచుల పూల డిజైన్ వచ్చింది, వినాయకుడు ఇంత ఎడమకు జరిగి కూర్చున్నడు, అక్షరాలు మాత్రం అన్ని గీతలు చుక్కలు. ఫాంట్ లేదు గదా. అప్పుడు బాపు మొఖం చూసిన, తుఫాను రోజు అమ్మ చెప్పిన మొఖం ఇదే అయి ఉంటది అనుకున్న. ఆ టెక్స్ట్‌ను యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు నెట్‌ల ఉన్నయ్, ఒకదాంట్ల వేసి చూసినం. నూటికి తొంభై సరిగనే వస్తది, మిగిలిన పదితోనే ప్రాణం పోతది. "అవిఘ్నమస్తు" వేస్తే ఘ కింద న వత్తు పోయి "అవిఘమస్తు" అని వచ్చింది. విఘ్నం లేకుండ ఉండాలని రాసుకున్న మాటకే విఘ్నం. "శ్రీ" ఒక చోట రెండు ముక్కలైంది. యూనికోడ్‌ల శ్రీ అంటే శ, పొల్లు, ర, దీర్ఘం గుడి, నాలుగు కోడ్‌లు ఆ వరుసలనే ఉండాలె, పాత ఫాంట్‌ల ముక్కలు కంటికి కనవడే వరుసల ఉంటయ్, ఈ వరుసను ఆ వరుసకు తిప్పుడు దగ్గరనే కన్వర్టర్లు తప్పటడుగు వేస్తయ్.

కాబట్టి అన్నిటిని మార్చాలె అన్న పట్టుదల ఇడిసిపెట్టినం. పంతొమ్మిదేండ్ల పత్రికలన్నిటిని పీడీఎఫ్ చేసుడు, అది పాత విండోస్‌ల కూర్చొని బాపు రోజుకు పదో పదిహేనో చేస్తాండు, ఫాంట్ లోపలనే ఉంటది కాబట్టి ఎక్కడైనా తెరుచుకుంటది, చూసుకోవచ్చు. వెతుక్కునేతందుకు పేర్లు, ఇంటిపేర్లు, గోత్రాలు, తారీఖులు మాత్రం ఒక స్ప్రెడ్‌షీట్‌ల యూనికోడ్‌ల కొడుతున్నం, సగం నేను సగం బాపు. ఇప్పటికి 2006 దాకా వచ్చినం. మొన్న చుట్టాలాయన గోత్రం కోసం ఫోన్ చేస్తే అమ్మ ఫైల్ తెరిచి వెతికి చెప్పింది, అమ్మ! బాపు అప్పుడు బజార్‌కు పోయి ఉండె, వచ్చినంక తెలిసి కొంచెం చిన్నబోయిండు కూడా.

అందరు లైనక్స్‌కు రాండ్రి అని నేను డప్పు కొడ్త లేను. ట్యాలీల లెక్కలు రాసుకునేటోళ్ళకు, ఆఫీసు వాళ్ళు విండోస్‌ల్నే నడిచే సాఫ్ట్‌వేర్ ఇచ్చినోళ్ళకు ఇది పనికిరాదు, వాళ్ళు కొత్త మిషన్ కొనుక్కోవుడే మేలు, ఉన్న మిషన్ 11కు సరిపోయేదైతే బ్యాకప్ తీసుకొని ఎక్కిచ్చుకోవుడే. నాకు కోపమొచ్చేది ఏందంటే, సిస్టమ్ మార్చుడు గురించి ఎవరు చెప్పినా స్టార్ట్ మెనూ నడుమకు వచ్చింది, మూలలు గుండ్రంగ అయినయ్ అనే ముచ్చట్లే చెప్తరు. మీ నాయన రాసుకున్న కవితలు ఏ ఫాంట్‌ల ఉన్నయ్, మీ తాత పేరు ఆ ఫైల్‌ల వెతికితే దొరుకుతదా అని ఒక్కడు అడగడు. షాపాయన డేటా కాపీ చేసిస్తమ్మా అంటడు, నిజమే చేస్తడు కూడా, కానీ ఆయన కాపీ చేసిచ్చేది గడి నంబర్లు. తెలుగు కాదు.

పోయిన వారం నేను ఇంటికి పోయినప్పుడు బాపు ఒక పాత ప్రింట్‌ను మానిటర్‌కు ఆనించి పెట్టుకొని కొత్త దాంట్ల టైపు చేస్తాండు. 2006ల నాయినమ్మ దశదిన కర్మ పత్రిక. దీన్ని కన్వర్టర్‌ల వెయ్యరాదా అంటే తల అడ్డం ఊపిండు. లైను లైను చూసుకుంట, అప్పటి లైన్లు ఎక్కడ విరిగినయో అక్కడనే విరిచి, మొత్తం చేత్తోనే కొట్టిండు. ప్రూఫు చూద్దాం అని నేను పక్కన కూర్చుంటే పాత ప్రింట్‌ల "ఆహ్వనం" అని ఉన్నది, దీర్ఘం పడలె. పంతొమ్మిదేండ్లు ఎవరూ చూడలె. కొత్త దాంట్ల కూడా బాపు ఆహ్వనం అనే కొట్టి ఉన్నడు. దీర్ఘం పెట్టాల్నా బాపూ అన్న.

"ఉండనియ్. ఊరంతా గదే పంచినం" అన్నడు, కంట్రోల్ ఎస్ కొట్టిండు.